కాఫీ తోట మన చేతిలోనే ఉండాలి

 

ఈ రోజు మనం కాఫీ చెట్టు గురించి మాట్లాడుకుందాం. అరకు, పాడేరు, చింతపల్లి కొండల్లో దాదాపు ప్రతి ఊరికీ కాఫీ తోట ఉంది. అయినా తోట పని తెలిసిన పిల్లలు ఏటేటా తగ్గిపోతున్నారు. అదే మా బాధ.

మన దగ్గర పెరిగేది అరబికా రకం. సముద్రమట్టానికి 900 మీటర్లకు పైనున్న చల్లని కొండవాలు దానికి అనుకూలం. మార్చి, ఏప్రిల్‌లో ఒక మంచి వాన పడితే చాలు, పది రోజుల్లోపే కొమ్మంతా మల్లెల్లా తెల్లగా పూస్తుంది. ఆ పూత రెండు మూడు రోజులే ఉంటుంది. కాయ పండేది మాత్రం నవంబరు నుంచి జనవరి దాకా.

కొత్తగా వేసేవాళ్లు డిసెంబరు, జనవరిలో మడిలో విత్తనం వేయాలి. మొలిచాక మొక్కల్ని మట్టి సంచుల్లోకి మార్చాలి. జూన్, జూలై వానలకు ఆరడుగుల ఎడంగా, అడుగున్నర లోతు గుంటల్లో నాటాలి. మూడు, నాలుగేళ్లకు కాపు మొదలవుతుంది. ఏ రకం వేయాలో చింతపల్లి దగ్గర ఆర్.వి.నగర్ కాఫీ పరిశోధన కేంద్రంలో అడగండి.

అన్నింటికన్నా ముఖ్యమైనది నీడ. సిల్వర్ ఓక్ చెట్లను కలపకు అమ్మి, పనస కొట్టేసి, తోటను ఎండకు వదిలేస్తే మొదటి ఏడాది కాపు విరగకాస్తుంది. తర్వాత కొమ్మలు ఎండిపోతాయి. కాండం తొలుచు పురుగు ఎండ పడిన బెరడు మీదే గుడ్లు పెడుతుంది. పురుగు పట్టిన మొక్కను పీకి కాల్చేయాలి. నీడ చెట్టు ఉంటే దాని మీదికి మిరియం తీగ పాకుతుంది, అదీ ఒక ఆదాయమే.

2025లో మన అరకు ప్రాంతంలో కాయ తొలుచు పురుగు కూడా కనబడింది. పండు కొన దగ్గర సూదిమొనంత రంధ్రం కనిపిస్తే వెంటనే కాఫీ బోర్డు వాళ్లకు చెప్పాలి. కోత అయ్యాక చెట్టు మీద, నేల మీద ఒక్క పండు కూడా మిగల్చకూడదు. పురుగున్న తోట గోనెసంచులు పక్క ఊరికి పోనివ్వకూడదు.

ఇక కోత సంగతి. పచ్చికాయ, ఎర్రపండు కలిపి ఒకేసారి దూసేస్తే రుచి పోతుంది, ధర పోతుంది. పండినవి మాత్రమే మూడు, నాలుగు విడతలుగా కోయాలి. కోసిన రోజే పల్పర్‌లో తొక్క తీయాలి. కడిగిన గింజను మట్టి మీద కాకుండా బల్లల మీద ఆరబెట్టాలి. మన అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు నిలబడేది కోసే చేతుల్లోనే.

పూత మీదే తోటను షావుకారుకు ఇచ్చేసి, అడ్వాన్సు తీసుకోవడం మన ఊళ్లలో చూస్తున్నాం. అవసరం అలాంటిది, ఎవరినీ తప్పుపట్టడం లేదు. కానీ అప్పు ఇచ్చినవాడే తూకం వేస్తాడు, ధరా చెబుతాడు. ఊళ్లో చదువుకున్న నలుగురు కుర్రాళ్లు ముందుకొచ్చి, గింజనంతా ఒకచోట చేర్చి, గిరిజన సహకార సంస్థ ధరనూ బయటి ధరనూ పోల్చి చూసి అమ్మితే ఆ తూకం మన చేతికి వస్తుంది.

మరొక మాట. 1970 నాటి 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా వారసులకు వస్తుంది, అమ్మడానికి వీల్లేదు. భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. ఇంటికెళ్లి మీ పట్టాలో అమ్మ పేరుందో లేదో చూడండి.

చదువుకోండి, ఉద్యోగాలకు వెళ్లండి, మేము ఆపం. అయితే కోతల నాటికి ఇంటికి రండి. ఏ పండు కోయాలో అమ్మ దగ్గర, ఏ కొమ్మ కత్తిరించాలో నాన్న దగ్గర నేర్చుకోండి. అది ఏ పుస్తకంలోనూ పూర్తిగా దొరకదు.

జై ఆదివాసీ!