తాళంచెవి ఎవరి చేతిలో?
(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సమాజశాస్త్రం చదువుకున్న మనిషి కంప్యూటర్ల గురించి ఏం చెబుతుందని మీకు అనిపించవచ్చు. నేను చేసిన ఒక పొరపాటు చెప్పడానికే ఈ అంశం ఎంచుకున్నాను.

కొంతకాలం క్రితం ఒక టీచర్ మా దగ్గరికి వచ్చింది. తన అక్కకు లాప్‌టాప్‌లో రాసుకున్న మాటలు భర్త నోటి నుంచి విన్నదట. చూస్తే, ఆమె టైపు చేసే ప్రతి అక్షరాన్నీ అతనికి చేరవేసే నిఘా ప్రోగ్రాం అందులో ఉంది. తీసేద్దామంటే పోదు.

ఎందుకు పోదు? నడుస్తున్న ప్రోగ్రాం ఫైళ్లను చెరపడానికి విండోస్ ఒప్పుకోదు. ఒకవేళ ఆపినా, దానికి తోడుగా ఉన్న మరో ప్రోగ్రాం మళ్లీ లేపుతుంది. ఈ రెండింటికీ ఉపాయం ఉంది. షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుని రీస్టార్ట్ చేసి, సేఫ్ మోడ్‌లోకి వెళ్తే అత్యవసరమైనవి తప్ప మిగతావి చాలావరకు లేవవు. మేమూ అదే చేశాం. అక్కడ మూడో అడ్డు వచ్చింది: అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడిగింది. అది భర్తకే తెలుసు. ఆమె పాఠాలు తయారుచేసుకునే యంత్రంలో ఆమెది అతిథి స్థానం!

ఈలోగా తనకు ఏమీ అందకపోయేసరికి అతనికి అనుమానం వచ్చింది. "కంప్యూటర్ ఎవరికిచ్చావ్?" అని నిలదీశాడు. ఆ రాత్రి ఆమె అక్క ఇంటికి వెళ్లిపోవలసి వచ్చింది. ముందు ఆమె భద్రత గురించి ఆలోచించకపోవడం నా తప్పు.

అందుకే చెబుతున్నాను. తీసెయ్యడం చివరి పని. ముందు తలదాచుకునే చోటు చూసుకోవాలి. వేరేవాళ్ల ఫోనుతో తెర మీద కనిపించేదాన్ని ఫోటో తీసి పెట్టుకోవాలి. చెరిపేస్తే సాక్ష్యం కూడా పోతుంది. పాస్‌వర్డులు మార్చేది నిఘా లేని మరో యంత్రం నుంచే.

చట్టం మాటేమిటి? 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్ యజమాని లేదా ఆ కంప్యూటర్ బాధ్యత చూసే వ్యక్తి అనుమతి లేకుండా అందులో చొరబడటాన్ని తప్పంటుంది. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. కానీ బిల్లు భర్త పేరున ఉంటే? "నా వస్తువు, నా ఇష్టం" అంటాడు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో చెప్పిన సుప్రీంకోర్టే, దంపతుల మాటల రహస్య రికార్డింగులు విడాకుల కేసులో సాక్ష్యంగా చెల్లుతాయని 2025 జులైలో చెప్పింది. హింస రుజువు చేసుకోవడానికి స్త్రీకి అది అక్కరకు రావచ్చు. నిఘా పెట్టిన మగవాడికీ ధైర్యమివ్వవచ్చు. ఈ రెండు అంచుల కత్తి గురించి మనం చర్చించాలి.

వంటింటి సామాను, భూమి, బ్యాంకు పుస్తకం ఎవరి పేరున ఉన్నాయని ఇన్నాళ్లూ అడిగాం. ఇక కంప్యూటర్ ఎవరి పేరున ఉందో, పాస్‌వర్డ్ ఎవరికి తెలుసో కూడా అడుగుదాం.

ఆ లాప్‌టాప్‌ను అక్క ఇంట్లోనే పూర్తిగా చెరిపి, విండోస్ మళ్లీ వేయించాం. కొత్త పాస్‌వర్డ్ ఆమే పెట్టుకుంది. అదేమిటో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.