వెంకన్న చదువు మన పేటలో



మన మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్నగారు ‘పాలేరు’ నాటకం రాశారు. అందులో పాలేరు వెంకన్న చదువుకుని డిప్యూటీ కలెక్టరవుతాడు. అది చూసి పిల్లల్ని బడికి పంపినోళ్లున్నారు.

నాటకంలో ఆ చదువు ఒక్క రాత్రిలో అయిపోద్ది. మనింట్లో పదిహేనేళ్లు పడుద్ది, రోజూ కాస్త కాస్త.

అందుకని మూడు పనులు. రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా పేటంతా టీవీలు, సెల్లులు ఆపాలి; కాలేజీ పిల్లలు చిన్నోళ్లకి లెక్కలు చెప్పాలి. రోజూ ఒక పిల్ల పేపరు పైకి చదవాలి, పెద్దలు వినాలి. ఇంట్లో అర్జీ, బ్యాంకు ఫారం పిల్లలే రాయాలి, ఇంకొకళ్లని బతిమాలకుండా.

ఊడ్పులొచ్చినా కోతలొచ్చినా బడి మానిపించకండి. ఆ కూలి ఒక్క పూట కూటికి. తప్పిన పాఠం మాత్రం పిల్లోణ్ణి మళ్లీ ఆ చేలోకే తెస్తుంది.