గచ్చు కింద దాచిన అతుకు

(ఆక్వా రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేత రేటు, రొయ్య ధర గురించి ఎప్పుడూ మాట్లాడుకుంటాం. ఇవాళ కరెంటు గురించి రెండు ముక్కలు చెబుతాను. కైకలూరు, ఆకివీడు, నిడమర్రు, ఎటు వెళ్లినా గట్ల మీద వైర్లు, నీళ్లలో ఏరేటర్లు. వాటి మధ్య రాత్రంతా తిరిగేది మన కాపలా కుర్రాళ్లు.

మా మోటారు షెడ్డుకి గచ్చు పోయించిన రోజు కేబులు మూరెడు తక్కువైంది. ముక్క అతికించి, టేపు చుట్టి, పైన కాంక్రీటు పోసేశాం. ఎండాకాలమంతా బాగానే ఉంది. తొలి వానలకు గచ్చు తడిసింది. చెప్పుల్లేకుండా అడుగు పెట్టగానే కాళ్లు జిల్లుమన్నాయి. మెయిన్ తీసేసి, గచ్చు పగలగొట్టి చూస్తే అతుకు దగ్గర టేపు ఊడి ఉంది. తడిసిన కాంక్రీటులో కరెంటు పారుతుందని ఆ రోజు తెలిసింది. నా తప్పు నన్ను వదిలేసింది. అందరినీ వదలదు.

చలి దేశాల్లో ఇల్లు వెచ్చగా ఉండడానికి గచ్చులోనే కరెంటు తీగ పరుస్తారు. ఆ తీగను కోసి పొట్టి చెయ్యరు. పరచకముందు, పరిచాక, కాంక్రీటు పోశాక మీటరు పెట్టి చూస్తారు. లీకైతే పడిపోయే బ్రేకరు లేకుండా కరెంటు ఇవ్వరు. మనం నేర్చుకోవాల్సింది ఇదే: కప్పెట్టేముందు పరీక్షించాలి.

గచ్చు కింద కేబులు పైపులో, ఒకే ముక్కగా వెళ్లాలి. అతుకు తప్పకపోతే నేలకు పైన, పెట్టెలో ఉండాలి. గట్టులో వేసేది ఆర్మర్డ్ కేబులై, ముప్పావు మీటరు లోతున, ఇసుక పరుపు మీద ఉండాలి. పైన ఇటుకలు పేర్చాలి. రేపు గట్టు తవ్వే జేసీబీకి అవే హెచ్చరిక.

ఏరేటరు నీళ్లలోనే ఉంది కదా, ఎర్తు ఎందుకంటారు కొందరు. నీళ్లు ఎర్తు కాదు. మూడు ఫేజులకు తోడు నాలుగో తీగ మోటారు బాడీ నుంచి ఎర్తు గుంట దాకా రావాలి.

10 ఆంపియర్ల ఎంసీబీ వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. ఆంపియరులో వందో వంతు కరెంట్లు మూడు గుండె మీదుగా పారినా ప్రాణానికి ముప్పే. అందుకే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కావాలి. ఏలూరులో, తాడేపల్లిగూడెంలో దొరుకుతుంది. మాటిమాటికీ పడిపోతోంది, ఏరేటర్లు ఆగితే రొయ్య తేలిపోతుంది అని దాన్ని తీసేయకండి. పడిందంటే ఎక్కడో లీకుంది. అన్నిటికీ ఒకటి కాకుండా లైనుకొకటి పెట్టండి. ఒకటి పడినా మిగతా ఏరేటర్లు తిరుగుతాయి.

మీటరు దాటాక వైరింగు బాధ్యత వినియోగదారుడిదే. చెరువు ఆసామిది, పంట లీజు రైతుది, పోయే ప్రాణం కూలివాడిది. కాబట్టి ఎర్తు, బ్రేకరు ఎవరు పెట్టాలో లీజు కాగితంలోనే రాయించండి. సంఘం తరఫున మండలానికొక మెగ్గరు కొందాం. మోటార్లు విప్పేసి, 500 వోల్టుల మీద చూసినప్పుడు 1 మెగా ఓమ్‌కి తగ్గితే ఆ కేబులు వాడొద్దు.

చివరి మాట. మెయిన్ ఆపకుండా ఎవర్నీ నీళ్లలోకి దింపకండి. పోయిన పంట మళ్లీ వేసుకోవచ్చు.