అరిగిన టైరు ఎటు పోవాలి?



మిరపకాయల కాలం వచ్చిందంటే గుంటూరు యార్డుకి వచ్చే లారీలకు లెక్కుండదు. పత్తి తోలే ట్రాక్టర్లూ, ఇంటింటా స్కూటర్లూ సరేసరి. మరి అరిగిపోయిన ఆ టైర్లన్నీ ఏమవుతున్నాయి? "అది మగవాళ్ళ సంగతి, మనకెందుకమ్మా?" అనుకోకండి. ఒకటి మన డాబా మీదా, నాలుగు వీధి చివర పంక్చరు షాపు ముందూ పడే ఉంటాయి.

వెనక మనవాళ్ళు పాత టైరుని ఊరికే పారేసేవారు కాదు. రీట్రేడింగు చేయించేవారు, ఎడ్లబండికి బిగించేవారు, కోసి చెప్పులు కుట్టించేవారు. ఇప్పుడు వచ్చిపడే టైర్లు ఆ వాడకాలకి మించిపోయాయి.

పోనీ, మైనంలా కరిగించి మళ్ళీ పోతపోద్దామంటే కుదరదు. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ అనే అమెరికా ఆయన, గంధకం కలిపి కాస్తే రబ్బరు గట్టిపడుతుందని కనిపెట్టాడు. ఆ గట్టిదనమే ఇప్పుడు చిక్కయింది. ఉడికిన గుడ్డు మళ్ళీ పచ్చిగుడ్డవుతుందా? అందుకని కార్ఖానాల్లో టైరుని ముక్కలుగా కోసి, అయస్కాంతంతో ఉక్కు తీగెలు లాగేసి, మనం కారం కొట్టినట్టు రబ్బరుని పొడి కొడతారు. ఆ పొడిని తారులో కలిపి రోడ్లు వేస్తారు. కాళ్ళు తుడుచుకునే పట్టాలూ చేస్తారు.

అక్కడికి చేరని టైరుతోనే మనకి ప్రమాదం. దాన్ని ఎలా పడేసినా లోపల వాననీరు నిలుస్తుంది. డెంగీ తెచ్చే దోమ అందులో గుడ్లు పెడుతుంది. నీళ్ళు పారబోస్తే సరిపోదు. అంచుకి అంటుకున్న గుడ్లు నెలల తరబడి ఎండినా చావవు, తడి తగిలితే పిల్లలవుతాయి. 1985లో అమెరికాలోని హ్యూస్టన్‌లో బయటపడిన ఆసియా పులిదోమ, పాత టైర్ల దిగుమతులతోనే అక్కడికి చేరిందంటారు.

ఇక భోగిమంట. పిడకలతో, పాత కర్రలతో వేసుకునే మంటలో పిల్లలు సరదాకి టైరు పడేస్తారు. ఆ నల్లటి పొగలో బెంజీను, గంధకపు విషవాయువులు ఉంటాయి. ముందుగా పీల్చేది మంట చుట్టూ తిరిగే మన పసివాళ్ళే!

2022 జులైలో కేంద్రప్రభుత్వం, పాత టైర్ల పునర్వినియోగం బాధ్యతను టైర్లు తయారుచేసే, దిగుమతిచేసే కంపెనీలపైనే పెట్టింది. అయితే మన డాబా మీది టైరుని ఆ దారి పట్టించవలసింది మనమే. కొత్త టైరు వేయించిననాడే పాతది షాపులో ఇచ్చి రమ్మనండి. ఇంట్లో ఉన్నదాన్ని వానపడని చోట పెట్టండి. మొక్కలకి వాడితే అడుగున చిల్లులు పొడిచి, మట్టి నిండా నింపండి. వారానికోసారి ఇంటి చుట్టూ చూసుకోండి.

వచ్చే భోగికి మీ వీధి మంటలో టైరు పడకుండా చూస్తారు కదూ? సెలవు.