ప్రతి మెట్టుకూ కారణం రాయాలి

 

అమృతలూరులో మన లెక్కల మాస్టారు రేఖాగణితం చెబుతూ దత్తాంశం, సారాంశం, ఉపపత్తి అని వరుసగా రాయించేవారు. మెట్టు పక్కన కారణం రాయకపోతే మార్కు లేదు. కంప్యూటర్ నెట్‌వర్కుల కాపలా పనిలో నాకు అన్నం పెట్టింది ఆ అలవాటే.

2017 మే 12న వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది. మన రాష్ట్రంలోనూ కొన్ని పోలీసు కంప్యూటర్లు దాని బారినపడ్డాయి. అది ఫైళ్లకు తాళం వేసి, బిట్‌కాయిన్లలో డబ్బు అడిగేది. చిక్కిన ప్రతి కంప్యూటరూ 445వ నంబరు పోర్టు మీద, అంటే ఫైళ్లు పంచుకునే దారిన, కనబడిన చిరునామాలన్నిటి తలుపూ తట్టేది.

ఇలాంటివి పట్టడానికి ఒక పద్ధతి, రోజూ వచ్చే రద్దీని గమనించి తేడా వస్తే గంట కొట్టడం. పరీక్షా ఫలితాల రోజు రద్దీ పెరిగినా ఆ గంట మోగుతుంది. ఒకచోట మేము పెట్టిన గంట అలా ఊరికే మోగీ మోగీ, నిజంగా దొంగ చొరబడిన నాడు ఎవరూ లేవలేదు. ‘నాన్నా పులి’ కథే!

రెండో పద్ధతి, నెట్‌వర్కు ఎలా నడవాలో ముందే తర్కభాషలో రాసుకోవడం. ‘ఈ ఆఫీసు కంప్యూటరు ఫైళ్ల సర్వరుతో తప్ప ఇంకెవరితోనూ 445 మీద ఎప్పుడూ మాట్లాడకూడదు’ అన్నది అలాంటి నియమం. ‘ఎప్పుడూ’, ‘ఆ తర్వాత’, ‘అంతవరకు’ అనే మాటలకు గణితంలో కచ్చితమైన అర్థమిచ్చే కాలతర్కాన్ని అమీర్ ప్నుయేలి 1977లో ప్రోగ్రాముల పరిశీలనకు తెచ్చారు. 1996లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. వచ్చేపోయే సమాచారాన్ని యంత్రం ఆ నియమాలతో సరిచూసి, తప్పు జరిగితే ఏ నియమం తప్పిందో చెబుతుంది.

దీనికీ హద్దుంది. మనం రాయని నియమాన్ని అది కాపాడలేదు. అందుకే మొదటి పద్ధతినీ వదులుకోము.

కానీ ఆసుపత్రిలో ఒక కంప్యూటరును వెంటనే ఆపమంటే డాక్టరుగారు అడిగేది ఒక్కటే: ‘ఎందుకు?’ ‘ఏదో తేడాగా ఉంది’ అంటే ఆయన ఆపరు, ఆపకూడదు కూడా. కారణం చూపాలి.

పిల్లలూ, మాస్టారు కారణం రాయమంటే విసుక్కోకండి.