మడమ కింద తువాలు

(బెంటన్‌విల్ తెలుగు తరగతి విద్యార్థులకు చేసిన ప్రసంగం)



మీలో చాలామంది ఇళ్లల్లో నాయనమ్మో, అమ్మమ్మో, తాతయ్యో ఉన్నారు. కొందరు ఆరు నెలలుండి వెళ్లిపోయేవారు, కొందరు ఇక్కడే స్థిరపడినవారు. వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయంలోనూ, దానికి సరుకులూ సేవలూ అందించే సంస్థల్లోనూ ఉద్యోగాలు దొరకడం వల్లనే ఓజార్క్ కొండల నడుమ ఉన్న ఈ ఊళ్లో ఇన్ని తెలుగు కుటుంబాలు చేరాయి. నేనూ అలా వచ్చినదాన్నే. నా వృత్తి ఫిజికల్ థెరపీ. మన దేశంలో దీన్ని ఫిజియోథెరపీ అంటారు. ఆపరేషను జరిగినవారు, పక్షవాతం వచ్చినవారు, కిందపడి ఎముక విరిగినవారు మళ్లీ లేచి తమ పనులు తాము చేసుకొనేటట్లు తయారుచెయ్యడాన్ని పునరావాస వైద్యం అంటారు. అందులో మా పని ఒక ముఖ్యభాగం.

దీన్ని గురించి మాట్లాడమని మీ ఉపాధ్యాయులు అడిగినప్పుడు, "తెలుగు తరగతిలో మోకాళ్ల సంగతి ఎందుకండీ?" అన్నాను. ఇంటికి వెళ్లాక ఒక మోకాలు గుర్తుకువచ్చింది. ఆ మోకాలికి చిక్కు తెచ్చిపెట్టింది ఒక తెలుగు మాటే.

కొన్నేళ్ల కిందట ఈ ఊళ్లోనే ఒక నాయనమ్మగారికి మోకాలి కీలు మార్పిడి ఆపరేషను జరిగింది. అరిగిపోయిన ఎముక అంచులను తీసివేసి, వాటిపై లోహపు తొడుగులు బిగించి, నడుమ గట్టి ప్లాస్టిక్ బిళ్ల అమర్చుతారు. డాక్టరుగారి పని ఒకటి రెండు గంటల్లో అయిపోతుంది. మిగిలిన పని రోగిది. అది నెలల తరబడి సాగుతుంది. వ్యాయామాలు నేర్పడానికి ఇంటికి వచ్చిన మొదటి థెరపిస్టుకు ఇంగ్లీషు తప్ప మరో భాష రాదు. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళ్లారు. ఇంట్లో ఉన్నది పదేళ్ల మనుమరాలు. థెరపిస్టు చెప్పినది ఇది: తువాలు చుట్టగా చుట్టి మడమ కింద పెట్టుకోవాలి, మోకాలి కింద ఏమీ ఉండకూడదు, అలా పది నిమిషాలు ఉంటే మోకాలు తన బరువుకు తానే కిందికి దిగి తిన్నబడుతుంది. పాప చెప్పినది ఇది: "నాయనమ్మా, తువాలు చుట్టి కాలు కింద పెట్టుకోవాలట."

ఇందులో తప్పు ఏమున్నది చెప్పండి? తొడ మొదలు కాలివేళ్ల దాకా అంతా మనకు కాలే. "కాలు కడుక్కో" అన్నప్పుడు అది పాదం. "కాలు విరిగింది" అన్నప్పుడు అది ఎక్కడైనా కావచ్చు. ఇంగ్లీషులో ఈ రెంటికీ రెండు వేరు మాటలున్నాయి. మనకూ పాదం, మడమ, చీలమండ, పిక్క, మోకాలు, తొడ అని చక్కని మాటలున్నాయి. పాపకు వాటిలో మోకాలు ఒక్కటే తెలుసు. "మడమ" అన్న మాట ఆ పిల్ల ఎప్పుడూ విని ఉండలేదు.

రెండువారాల తరువాత ఆ థెరపిస్టుకు బదులుగా నేను వెళ్లాను. నాయనమ్మగారు మంచంమీద చేరగిలబడి ఉన్నారు. మోకాలి కింద లావుపాటి దిండు ఉన్నది. తువాలు చాలక దిండు పెట్టుకున్నారట.

"ఈ దిండు ఎందుకండీ, అమ్మగారూ?"

"మీవాళ్లే పెట్టుకోమన్నారు గదమ్మా. ఇది ఉంటేనే ప్రాణానికి హాయిగా ఉంది. కాలు చాపితే మాత్రం నరాలు లాగేస్తున్నాయి."

ఆ హాయి అబద్ధం కాదు. వాచిన కీలు కొద్దిగా వంగి ఉన్నప్పుడు లోపల చేరిన నీటికి ఎక్కువ చోటు దొరుకుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, నొప్పీ తగ్గుతుంది. అందుకే ప్రతి రోగీ మోకాలు వంచుకొనే పడుకోవాలనుకుంటాడు. అయితే ఆపరేషను తరువాత మొదటి వారాల్లోనే లోపల మచ్చకండ ఏర్పడుతుంది. కీలు ఏ భంగిమలో ఎక్కువసేపు ఉంటే ఆ భంగిమకే ఆ కండ బిగుస్తుంది. దిండుమీద వంగిన మోకాలు దిండు తీసినా వంగే ఉంటుంది.

నా దగ్గర గోనియోమీటరు అనే పరికరం ఉన్నది. మీ జామెట్రీ పెట్టెలోని కోణమానినికి రెండు పొడవైన చేతులు తగిలించినట్లుంటుంది. ఒక చేతిని తొడ వెంబడి, రెండోదాన్ని పిక్క వెంబడి ఆనించి కొలిచాను. తిన్నగా ఉండవలసిన మోకాలు 15 డిగ్రీల దగ్గర ఆగిపోయింది.

పదిహేను డిగ్రీలే కదా అనిపించవచ్చు. మీరే లేచి నిలబడి రెండు మోకాళ్లూ కొంచెం వంచి అలాగే ఉండి చూడండి. నిమిషం గడిచేసరికి తొడలు మండుతాయి. కాలు తిన్నగా ఉన్నప్పుడు మన బరువును ఎముకలు మోస్తాయి. వంగి ఉంటే తొడ కండరాలు ఎడతెగకుండా మొయ్యాలి. పైగా ఆ కాలు పొట్టిదై మనిషి కుంటుతాడు, నడుము నొప్పి పడుతుంది. వంగడం చాలకపోయినా చిక్కే. చదును నేలమీద నడవడానికి మోకాలు సుమారు 65 డిగ్రీలు వంగితే చాలు. మెట్లకు 90 దాకా కావాలి. కుర్చీలోంచి సుళువుగా లేవడానికి నూరు దాటాలి. బాసింపట్టు వేసుకొని నేలమీద కూర్చోవాలంటే 130 పైమాటే. అందుకనే కీలు మార్చుకున్నవారిని నేలమీద కూర్చోవద్దని సాధారణంగా చెబుతారు. పూజకు పీటమీద కూర్చొనే అలవాటున్న మన పెద్దలకు ఈ మాట ఆపరేషనుకన్నా కష్టంగా తోస్తుంది. ఈ సంగతి ముందుగానే విడమరచి చెప్పేవారు తక్కువని నా అభిప్రాయం.

దిండు తీసేశాం. తువాలు మడమ కింద పెట్టాం. ఆవిడ పళ్లు బిగబట్టి పది నిమిషాలు ఉన్నారు. మోకాలి వెనుకభాగాన్ని మంచానికేసి నొక్కి, అయిదు లెక్కపెట్టి వదలడం, మడమను పరుపుమీద జరుపుతూ మోకాలు వంచడం, పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం కూడా నేర్పాను. చివరిది ఆటలాగా కనిపిస్తుంది గాని, పిక్కల్లో నెత్తురు గడ్డకట్టకుండా ఉండటానికి తోడ్పడుతుంది. వాపుకు మంచు సంచి వాడాం. నడక చట్రం పిడి చేతులు వేలాడవేసినప్పుడు మణికట్టు ఎత్తుకు వచ్చేటట్లు సరిచేశాను. కర్ర దాకా వచ్చాక దాన్ని నొప్పి లేని వైపు చేతిలో పట్టించాను. ఇది విని మీరు ఆశ్చర్యపోతారని తెలుసు. నొప్పికాలు ముందుకు పడినప్పుడు అవతలి పక్క కర్ర కూడా పడి బరువును పంచుకొంటుంది. మనిషి పక్కకు ఒరగడు. మెట్ల దగ్గర ఆవిడే ఒక మాట కట్టుకున్నారు: "ఎక్కేటప్పుడు మంచికాలు, దిగేటప్పుడు నొప్పికాలు."

కదిలించడమే చికిత్స అనే ఈ పద్ధతి ఊరికే రాలేదు. రోగికి మంచమే మందని వైద్యులు చాలాకాలం నమ్మారు. పూర్తి విశ్రాంతిలో ఉన్న కండరం వారానికి పదోవంతు దాకా బలం కోల్పోవచ్చని తరువాత తెలిసింది. మనకు ఉత్తరాన, కారులో అరగంట లోపల మిస్సోరీ రాష్ట్రం సరిహద్దు వస్తుంది. ఆ రాష్ట్రంలోనే పుట్టిన హోవార్డ్ రస్క్ అనే డాక్టరు 1942లో సైన్యంలో చేరి, సెయింట్ లూయిస్ దగ్గరి జెఫర్సన్ బారక్స్ ఆసుపత్రిలో పనిచేశారు. జబ్బు తగ్గిన సైనికులు ఊరికే పడుకొని నీరసపడటం చూసి, వారికి క్రమంగా పెరిగే వ్యాయామాలూ చదువూ ఏర్పాటు చేశారు. యుద్ధం ముగిశాక న్యూయార్కులో పునరావాస వైద్యసంస్థను స్థాపించారు.

ఆ సంస్థకు మన దక్షిణాది నుంచి ఒక డాక్టరమ్మ వెళ్లారు. పేరు మేరీ వర్గీస్. చిత్తూరు, నెల్లూరు జిల్లాలవారు పెద్ద జబ్బు చేస్తే పరుగెత్తే రాయవేలూరు ఆసుపత్రిలో ఆమె పనిచేసేవారు. 1954లో రోడ్డు ప్రమాదంలో ఆమె నడుము కిందిభాగం చచ్చుబడింది. అయినా చక్రాల కుర్చీలో కూర్చొని కుష్ఠురోగుల వంకరపోయిన వేళ్లకు ఆపరేషన్లు చేశారు. ఆ ఆపరేషన్లలో మంచి కండరపు తంతిని ఒకచోటినుంచి తీసి మరోచోట కలుపుతారు. కత్తి పని అక్కడితో సరి. కొత్త పనిని ఆ కండరానికి నేర్పవలసినది ఫిజియోథెరపిస్టు. మేరీ వర్గీస్ న్యూయార్కులో రస్క్ సంస్థలో శిక్షణ పొంది తిరిగివచ్చి, వేలూరులో పునరావాస వైద్య విభాగాన్ని నడిపారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం వెలసింది. 1972లో ఆమెకు పద్మశ్రీ లభించింది.

మళ్లీ మన పాప దగ్గరికి వద్దాం. తప్పు తనదేనని ఆ పిల్ల ఏడ్చింది. తప్పు పెద్దవాళ్లది. చెప్పిన వ్యాయామాన్ని నాయనమ్మగారి చేత ఒకసారి చేయించి చూసి ఉంటే ఆ రోజే బయటపడేది. అప్పటినుంచి నేను "అర్థమయిందా?" అని అడగడం మానేశాను, "ఏదీ, చేసి చూపించండి" అంటాను. ఇంకొక సంగతి. ఈ దేశంలో ప్రభుత్వ ధనం అందుకొనే ఆసుపత్రులు ఇంగ్లీషు రాని రోగికి ఉచితంగా దుబాసీని ఏర్పాటు చెయ్యాలి. అత్యవసర సమయంలో తప్ప పిల్లలచేత ఆ పని చేయించకూడదని ఫెడరల్ నిబంధనలు చెబుతున్నాయి. కాబట్టి ఆసుపత్రిలో మీ అమ్మానాన్నలు "తెలుగు దుబాసీ కావాలి, ఫోనులోనైనా సరే" అని అడగవచ్చు. అడగడానికి మొహమాటపడే ఇళ్లను చాలా చూశాను.

అయితే థెరపిస్టు వారానికి రెండు మూడుసార్లే వస్తుంది. వ్యాయామం రోజుకు మూడుసార్లు చెయ్యాలి. ఆ సమయంలో పక్కన ఉండేది మీరే. అందుచేత ఈ సాయంత్రం మీ నాయనమ్మ దగ్గర కూర్చొని కాలికి ఎన్ని పేర్లున్నాయో అడిగి రాసుకోండి. చేతికి కూడా అడగండి: అరచెయ్యి, మణికట్టు, మోచెయ్యి, జబ్బ, భుజం. నాకు తెలియనివి దొరికితే నాకూ చెప్పండి.

ఆ మోకాలు ఆరువారాలకు 4 డిగ్రీల దాకా దిగింది, అంతకుమించి దిగలేదు. వసంతకాలం వచ్చేసరికి నాయనమ్మగారు కర్రతో క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియం పక్క కాలిబాటమీద నడిచారు. చివరిసారి వెళ్లినప్పుడు నేను అలవాటుకొద్దీ "కాలు కొంచెం ఎత్తండి" అన్నాను. పాప పుస్తకంలోంచి తల ఎత్తి, "ఏ భాగం, ఆంటీ?" అని అడిగింది.