చదువు ఆగిన చోట ఆరోగ్యం
(రోలుగుంటలో చేసిన స్మారకోపన్యాసం)



రాత్రిబడి నడిపిన మాస్టారి పేరున జరుగుతున్న సభ ఇది. ఇక్కడ నేను ఒక్క సంగతే చెప్పదలచుకున్నాను. వైద్యంలో కొత్త తెలివిడి ఏది వచ్చినా ముందు చదువుకున్నవాళ్లకే అందుతోంది. అందుకే అందరి ఆయుష్షూ పెరుగుతున్న రోజుల్లోనే చదువున్నవారికీ లేనివారికీ మధ్య ఎడం కూడా పెరగగలదు. అది దానంతటది పూడదు. ఎవరో ఒకరు పూనుకొని పూడ్చాలి.

అడ్డపొగ సంగతే తీసుకోండి. ఈ సభలో వివరించనక్కర్లేదు గానీ, ఈ ఉపన్యాసం అచ్చయ్యే పుస్తకం వేరే ప్రాంతాలవాళ్ల చేతికీ వెళుతుంది కదా. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకొని పీల్చడమే అడ్డపొగ. ఉత్తరాంధ్ర ఆడవాళ్లలో ఈ అలవాటు ఎక్కువ. గాలికి చుట్ట ఆరిపోదు, రెండు చేతులా పని చేసుకోవచ్చు. ఆ వేడికి ముందు అంగిలి తెల్లబడుతుంది. తర్వాత నడుమ ఎర్రటి చుక్కలున్న చిన్న బొడిపెలు లేస్తాయి. కొందరిలో పుండు పడి కాన్సరవుతుంది. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి రాసిన పరిశోధన 1971లో అచ్చయింది. వాళ్లలో నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్లే.

ఆ తర్వాత ఈ అలవాటు ముందుగా ఎవరి ఇళ్లలో ఆగిందో మీరే తలచుకోండి. బడికి వెళ్లిన పిల్ల చుట్ట ముట్టలేదు. బడి మొహం చూడని ఆమె వదినకో, అత్తకో ఆ అలవాటు ముసలితనం దాకా వెంట వచ్చింది. ఇంగ్లండులోనూ ఇదే జరిగింది. సిగరెట్టుకూ ఊపిరితిత్తుల కాన్సరుకూ ఉన్న సంబంధాన్ని డాల్, హిల్ 1950లో బయటపెట్టారు. అప్పటిదాకా అన్ని వర్గాలవారూ తాగిన సిగరెట్టును చదువుకున్నవాళ్లు ముందు మానేశారు. జబ్బు తక్కినవాళ్ల ఇళ్లలో ఉండిపోయింది.

ఇప్పుడు మన ఊళ్లలో బీపీ, సుగరు. ఉభయ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల్లో 2003–04లో జరిగిన మరణాలను లెక్క తీస్తే, సుమారు మూడో వంతు గుండెజబ్బు, పక్షవాతం వంటి వాటివల్లనే సంభవించాయని తేలింది. పల్లెటూరికి ఈ జబ్బులు రావన్న ధీమా ఇంకెందుకు?

అరవై దాటిన ఒక తల్లిని ఊహించుకోండి. బీపీ మాత్రలు ఇచ్చారు. తలనొప్పి తగ్గిందని నాలుగు రోజులకే మానేసింది. ఆమెది మొండితనం అనకండి. నొప్పి తగ్గితే మందు ఆపాలని జ్వరాలు, దెబ్బలు ఆమెకు నేర్పాయి. నొప్పే లేని జబ్బుకు జీవితాంతం మందేమిటో అర్థమయ్యేలా ఎవరూ కూర్చుని చెప్పలేదు. మాత్రల అట్ట మీద ఉన్నది ఇంగ్లీషు. రంగు మారితే ఆమెకు అది వేరే మందు. అదే మందు మరో కంపెనీది వస్తే పాతదీ కొత్తదీ కలిపి వేసుకునే ప్రమాదం కూడా ఉంది.

ఆమె బడి ఈడు పిల్లగా ఉన్నప్పుడు, 1971 జనాభా లెక్కల్లో, ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో అక్షరాలొచ్చినవాళ్లు నూటికి 16 మంది కూడా లేరు. 2011 నాటికి ఉమ్మడి రాష్ట్రంలో ఆ సంఖ్య 59 అయింది. మంచిదే. కానీ ఆనాడు బడికి పోని పిల్లలే ఈనాడు డాక్టరు గది ముందు బెంచీ మీద కూర్చున్న ముసలివాళ్లు. యాభై ఏళ్ల కిందటి లోటును వాళ్లిప్పుడు ఒంటితో చెల్లిస్తున్నారు. వాళ్లను ‘గత తరం’ అని పక్కన పెట్టేయడం నాకు సహించదు.

దీనికి దారి ఉందని చూపించింది కూడా మన శ్రీకాకుళమే. 1970ల చివర్లో ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవారిని ఎంచుకొని ఏటా వాళ్ల నోళ్లు పరీక్షించారు. ఎవరి నోట్లో ఏముందో వాళ్లకే చెప్పారు, బొమ్మలతో, సినిమాలతో నచ్చజెప్పారు. పొగాకు మానినవారి నోళ్లలో మచ్చలు బాగా తగ్గినట్టు తేలింది. అక్షరం రానివాళ్లు వినరన్న మాట అక్కడ నిలవలేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలోనూ అంతే. 1991లో మొదలైన అక్షరాస్యతా ఉద్యమంలో సారా మీద పాఠం చదివిన ఆడవాళ్లు సారాను ఊళ్లోకి రానివ్వబోమన్నారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. పెద్దవయసులో నేర్చిన నాలుగు అక్షరాలు ఇంటి మగవాళ్ల ఆరోగ్యాన్నీ కాచాయి.

పదిహేనేళ్లు దాటిన నిరక్షరాస్యుల కోసం కేంద్రం 2022–27కు పెట్టిన సాక్షరతా కార్యక్రమంలో ఆరోగ్య అవగాహన కూడా ఒక భాగం. రోలుగుంటలో ఆ తరగతులు బీపీ, సుగరు పరీక్షలు జరిగే రోజునే, అవి జరిగే అరుగు మీదనే పెట్టండి. వాచకానికి బదులు ఎవరి మాత్రల అట్ట వాళ్ల చేతిలో ఉండనివ్వండి. మొదటి పాఠంగా మందు పేరు, పొద్దున ఎన్ని, రాత్రి ఎన్ని, గడువు తేదీ చదవడం నేర్పండి. చెరకు నరికే రోజుల్లో పగలు ఎవరూ రాలేరు గనక మాస్టారు చేసినట్టే రాత్రిపూట పెట్టాలి. ఈ స్మారక నిధి వడ్డీలో మొదటి ఖర్చు అక్కడి దీపానికీ పలకలకూ అయితే బాగుంటుందని కార్యవర్గానికి మనవి చేస్తున్నాను.